పండగ ముంగిట దిగులు: ఏది అప్పు బాధ, ఏది అలసట, ఏది జబ్బు?

సంక్రాంతికి నెలగంట పెట్టిన నాటి నుంచి, అంటే డిసెంబరు 16 ప్రాంతం నుంచి, కనుమ దాటేదాకా నెల రోజులు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఇళ్లలో ఈ నెలంతా కొన్ని మాటలు పదే పదే వినిపిస్తాయి. ‘ఒళ్లంతా పచ్చిపుండుగా ఉండాది.’ ‘ఏ పనీ చేయబుద్ధి కావడం లేదు.’ ‘పండగ వస్తుందంటేనే గుండె దడ.’ ఒంగోలు చుట్టుపక్కల క్రైస్తవ కుటుంబాల్లో ఈ మాటలు ఇంకాస్త ముందే మొదలై, డిసెంబరు 31 రాత్రి ఆరాధన అయ్యాక గానీ సద్దుమణగవు.

వీటన్నిటినీ కలిపి మనం ‘టెన్షన్’ అనేస్తాం. కానీ ఆ ఒక్క మాట కింద కనీసం నాలుగు సంగతులున్నాయి. చేతిలో డబ్బు లేకపోవడం ఒకటి. చాకిరీ ఒకటి. లేని మనిషి గుర్తుకు రావడం ఒకటి. నాలుగోది, నిజంగానే జబ్బు. దేని మూలం దానిదే, తగ్గే దారి కూడా దేనిది దానిదే. అప్పు వల్ల వచ్చిన దిగులు మాత్ర మింగితే పోదు. జబ్బుగా ముదిరిన కుంగుబాటు ‘నాలుగు రోజులు పుట్టింటికి పోయి రా’ అంటే పోదు. చాలా ఇళ్లలో జరిగేది ఈ తారుమారే.

ఒత్తిడి, దిగులు, కుంగుబాటు

నెత్తిన పడిన పనికీ, చేతిలో ఉన్న డబ్బు, టైము, ఓపికలకూ పొంతన కుదరనప్పుడు పుట్టేది ఒత్తిడి. పని అయిపోతే, లేదా డబ్బు సర్దుబాటైతే అది దిగుతుంది. అరిసెలు డబ్బాలోకి ఎక్కగానే ‘హమ్మయ్య’ అనగలిగితే అది ఒత్తిడే.

దిగులుకు కారణం ఉంటుంది. కువైట్‌లో ఉన్న కొడుకు ఈసారీ రాలేదు, పోయిన సంక్రాంతికి ఉన్న మామగారు ఈ సంక్రాంతికి లేరు. మనిషి ఏడుస్తుంది, మధ్యలో మనవరాలు ఏదో అంటే నవ్వుతుంది కూడా. ఆ నవ్వు రావడమే ఇక్కడ గుర్తు పెట్టుకోవలసింది.

కుంగుబాటు, అంటే వైద్యులు డిప్రెషన్ అనేది, వేరు. ఇందులో చాలామందికి నవ్వు రాదు. ఇష్టమైనవాళ్లు వచ్చినా, ఇష్టమైనది వండినా లోపల ఏమీ కదలదు. మనసు బాగాలేకపోవడం గానీ, దేనిమీదా ఆసక్తి లేకపోవడం గానీ దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువసేపు, కనీసం రెండు వారాల పాటు ఉండాలి. దానికి నిద్ర, ఆకలి, ఓపిక, ఏకాగ్రత లాంటి వాటిలో మార్పులు తోడవ్వాలి. మొత్తం మీద అయిదు లక్షణాలైనా ఉండి, రోజువారీ పనులు దెబ్బతింటుంటే వైద్యులు దాన్ని జబ్బు కింద లెక్కేస్తారు. ఈ రెండు వారాల గీత దగ్గరకు మళ్లీ వస్తాం, పండగ రోజుల్లో అది కాస్త మోసం చేస్తుంది కాబట్టి.

చలికాలమే కారణమా?

డిసెంబరు రాగానే ‘వింటర్ డిప్రెషన్’ మీద వీడియోలు ఫోన్లలో తిరుగుతాయి. ఎండ తక్కువ కాబట్టి మనసు కుంగుతుంది, ఫలానా లైటు ముందు కూర్చోండి అంటాయి. ఆ జబ్బు ఉన్నమాట నిజం. 1984లో నార్మన్ రోసెంతాల్ బృందం దాన్ని వైద్య సాహిత్యంలో వర్ణించింది. అయితే అది ముఖ్యంగా పగలు బాగా కుంచించుకుపోయే ఉత్తరాది దేశాల జబ్బు. లండన్‌లో జూన్‌లో పగలు 16 గంటల పైచిలుకు, డిసెంబరులో 8 గంటల లోపే.

నెల్లూరు ఉన్నది ఇంచుమించు 14 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. ఇక్కడ జూన్‌లో అతి పొడుగు పగలు దాదాపు 13 గంటలు, డిసెంబరులో అతి చిన్న పగలు 11 గంటల పావు. తేడా ఇంచుమించు గంటా ముప్పావు. అంత తేడాకే ఊరంతా కుంగిపోతుందనడం అతికే మాట కాదు.

మన చలికాలానికి వేరే బరువుంది. అది వాన. ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈ రెండు జిల్లాల తీరం మీద ఎక్కువగా పడతాయి, తుపానులూ అప్పుడే. 2021 నవంబరులో పెన్నా వరదకు నెల్లూరు ఊళ్లు మునిగాయి, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ముసురు పట్టిన వారంలో ఇంట్లోనే కూచోవడం, బట్టలు ఆరకపోవడం, పిలకాయలకు జ్వరాలు, నారుమడి మునిగిందేమోనన్న భయం. ఈ నెలలో మనసును కిందికి లాగేవి ఇవి. లైటు కొనుక్కుంటే తీరేవి కావు.

పంట చేలోనే ఉంది, పండగ వాకిట్లోకొచ్చింది

సంక్రాంతిని కోతల పండగ అంటాం. గోదావరి జిల్లాల్లో అది అక్షరాలా నిజం. సార్వా వరి నవంబరు, డిసెంబరుల్లో కోసి, వడ్లు అమ్మిన డబ్బుతో పండగ చేస్తారు. పెన్నా డెల్టాలో కథ వేరు. ఇక్కడ ప్రధాన వరి పంట ఈశాన్య వానల మీద ఆధారపడుతుంది. నాట్లు నవంబరు నుంచి డిసెంబరు దాకా సాగుతాయి, కోతలు మార్చి, ఏప్రిల్‌లో. అంటే భోగి మంట వేసే నాటికి కోవూరు, కొడవలూరు రైతు పెట్టుబడి మొత్తం నేలలో ఉంటుంది, చేతిలో ఏమీ ఉండదు. ప్రకాశంలో పొగాకు రైతుదీ అంతే. జనవరిలో ఆకు రెలుపు (కోత), బ్యారన్‌లో క్యూరింగు (వేడితో ఆకు ఆరబెట్టడం), కట్టెలు, కూలీలు. వేలం కేంద్రాల్లో బేళ్లు అమ్ముడై డబ్బు రావాలంటే పండగ దాటి నెలలు గడవాలి. పడమటి మెట్టలో కంది ఒక్కటే కాస్త అటూ ఇటూగా పండగ నాటికి చేతికొస్తుంది.

నెల జీతం వాళ్లకు ఇంకో రకం ఇబ్బంది. క్రిస్మస్ నెలాఖరున, జీతం అడుగంటాక వస్తుంది. సంక్రాంతి నెల మధ్యలో, అద్దె, ఫీజులు కట్టేశాక వస్తుంది. రెండు పండగలూ చేసుకునే ఇళ్లకు మూడు వారాల్లో రెండు దెబ్బలు.

ఒక లెక్క వేసి చూద్దాం. కోవూరు కాలువ కింద మూడెకరాల కుటుంబం అనుకోండి. నవంబరు మధ్యలో పెట్టుబడికి 60,000 రూపాయలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. జనవరి మధ్యలో పండగకు మరో 30,000, అదే వడ్డీకి. బట్టలకు 12,000, కొత్త అల్లుడి మర్యాదలకు 9,000, పిండివంటలకు 3,500, రానుపోను చార్జీలకు 3,000, కనుమ మాంసానికి 2,500. ఏప్రిల్ మధ్యలో వడ్లు అమ్మి తీర్చాలి. పెట్టుబడి మీద అయిదు నెలల వడ్డీ 6,000. పండగ అప్పు మీద మూడు నెలలకు 1,800. మొత్తం కట్టవలసింది 97,800.

వడ్డీ 1,800 చూస్తే పెద్ద భారంగా కనిపించదు. వడ్ల లెక్కలోకి మార్చి చూడాలి. నెల్లూరులో పుట్టి అంటే 850 కిలోలు. 2025-26 సీజన్‌కు సాధారణ రకం మద్దతు ధర క్వింటాకు 2,369 రూపాయలు, ఆ లెక్కన పుట్టి 20,136. పండగకు తెచ్చిన అసలు 30,000 తీరాలంటే పుట్టిన్నర వడ్లు పోవాలి. కళ్లంలో ధర 17,000కు పడిపోతే పుట్టీముప్పావు. పిల్లల బట్టల షాపులో నిలబడినప్పుడు రైతు కళ్ల ముందు కనిపించేది ఆ పుట్టీముప్పావే. ఆ సంగతి బయటికి చెప్పడు, విసుక్కుంటాడు. ‘ఏంది మీ నాయన ఇట్లా అరుస్తుండాడు’ అని ఇంట్లో వాళ్లు నొచ్చుకుంటారు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. అప్పు ఎంతో మొగుడికి తెలుసు, ఖర్చు ఎంతో పెళ్లానికి తెలుసు, రెండూ కలిపి ఎవరికీ తెలియదు. రెండు సగాలు ఒకే కాగితం మీదకు వచ్చిన ఇళ్లలో గొడవ తగ్గేది డబ్బు పెరిగి కాదు, ఎవరికీ ఉలికిపాటు మిగలక. ఆ కాగితం నెలగంటకు ముందే రాసుకుంటే దేన్ని కోయాలో ఇద్దరూ చూడగలరు. భోగి ముందు రోజు రాస్తే కోయడానికి ఏమీ మిగలదు, పోట్లాట తప్ప. పై లెక్కలో అల్లుడి మర్యాదలు కదపలేనివి. కదిలేది బట్టల పద్దే. అది ఒక్క బిల్లుగా కాకుండా నాలుగు దఫాల్లో జారిపోతుంది కాబట్టి ఎవరి కంటా పడదు.

ఈ పొంతన కుదరనితనానికి ఊళ్లు తమ మందు తాము కనిపెట్టుకున్నాయి. పండగ చీటీ ఒకటి. నెలకు 500 చొప్పున ఏడాది కడితే 6,000 విలువకు సరుకులో, డబ్బో పండగ ముందు చేతికొస్తాయి. రిజిస్ట్రేషన్ లేని మనిషి దగ్గర కడితే డిసెంబరులో ఆ మనిషి కనపడకపోవడమూ ఉంది, అది ఉన్న ఒత్తిడిని రెట్టింపు చేస్తుంది. రెండోది పొదుపు సంఘం. రోజుకు రూపాయి దాచే ‘పొదుపు లక్ష్మి’ నెల్లూరు ఆడవాళ్లు 1990లలో నడిపిన ఉద్యమమే. రూపాయి వడ్డీకి అప్పిచ్చే సంఘంలో అదే 30,000కు మూడు నెలల వడ్డీ 900. సగం. పైగా కిస్తీ ముందే తెలుస్తుంది, వడ్డీ వ్యాపారి నడివీధిలో అడగడు.

పాకం దగ్గర నిలబడ్డ మనిషి

ఇంటి చాకిరీని ‘వంటా వార్పూ’ అని తేల్చేస్తే దాని బరువు అంతుబట్టదు. ఒక్క అరిసెల పనినే దగ్గరగా చూడండి. మూడు కిలోల బియ్యం ముందురోజు రాత్రే నానబోయాలి. మధ్యలో నీళ్లు మార్చాలి, లేకపోతే వాసన పడుతుంది. పొద్దున వడగట్టి, తడి ఆరకముందే మరకు పంపాలి. పండగ వారంలో తడిపిండి మర దగ్గర వరస పెద్దది. వచ్చిన పిండిని జల్లించి, తడి పోకుండా గుడ్డ కప్పి అదిమి ఉంచాలి. ఆరితే అరిసె గట్టిపడుతుంది. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం చొప్పున రెండుంపావు కిలోలు దంచి, కొద్ది నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టాలి.

ఇక పాకం. గిన్నెలో చన్నీళ్లు పెట్టుకుని చుక్క వేసి చూస్తుండాలి. నీళ్లలో చెదిరితే లేతది. వేళ్లతో దగ్గరకు తీస్తే మెత్తటి ఉండ కట్టాలి. ఆ ఉండను గిన్నెకేసి కొడితే టంగుమంటే ముదిరిపోయినట్టే. లేతపాకం అరిసె నూనెలో విచ్చిపోతుంది, ముదురుపాకం అరిసె పళ్లకు రాయిలా తగులుతుంది. సరైన పాకం నిలిచేది కొద్ది నిమిషాలే. ఆ కాస్త సమయంలో ఒకరు పిండి పోస్తుంటే మరొకరు ఉండ కట్టకుండా తిప్పాలి. ఆ తర్వాత తట్టేవారు ఒకరు, కాల్చేవారు ఒకరు, చెక్కల మధ్య నూనె వత్తేవారు ఒకరు. ముగ్గురికి అయిదారు గంటల పని.

ఇప్పుడు ఆ ఇంట్లో ముగ్గురు లేరు, ఒకామె, సాయానికి అత్తగారు ఉన్నారనుకోండి. ఉండపాకం వస్తున్న ఆ నిమిషంలోనే గేటు దగ్గర గ్యాస్ అబ్బాయి పిలుస్తాడు, చెన్నై నుంచి ఆడబిడ్డ ఫోను, ‘ఏం వదినా, రైలు దొరకలా, బస్సుకొస్తుండాం, పిలకాయలకు ఏమైనా వండి పెట్టు’ అని. పాకం ముదురుతుంది. రెండుంపావు కిలోల బెల్లం, మూడు కిలోల బియ్యప్పిండి, ముందురోజు రాత్రి నుంచి పడ్డ పాటు అన్నీ కలిసి ఒక గట్టి ముద్ద. ఆమె కూచుని ఏడిస్తే, ‘అరిసెల కోసం ఏడుస్తారా ఎవురైనా’ అంటారు. ఏడుపు అరిసెల కోసం కాదు. మధ్యలో వదల్లేని పని, మధ్యలో వదలక తప్పని పిలుపులు, రెండూ ఒకే మనిషి మీద పడటం ఒత్తిడికి అచ్చమైన మూస.

దీని మీద కనిపించని పని ఒకటుంది, గుర్తు పెట్టుకోవడం. మామగారి సుగర్ మాత్రలు అయిపోవచ్చాయి, ఆడబిడ్డ కొడుక్కి వేరుశనగ పడదు, రంగులు కొనలేదు, పెద్దలకు పెట్టే పంచె కొనలేదు. ‘చెప్తే చేస్తాను కదా’ అనే మగవాళ్లు చెయ్యిసాయం ఇస్తున్నారు గానీ ఈ జాబితా మోయడం లేదు. మర దగ్గరకు వెళ్లి వరసలో నిలబడటం ఒక సాయం. బియ్యం ఎప్పుడు నానాయో, మర ఎన్నింటికి తీస్తారో కనుక్కుని తనంతట తానే వెళ్లడం ఇంకో సాయం. తల మీద బరువు తగ్గించేది రెండోది.

నిద్ర లెక్క కూడా వేద్దాం. భోగి ముందు రాత్రి నుంచి నాలుగు రాత్రులు. మంట కోసం మూడింటికి లేవడం, ముగ్గులు, తలంట్లు, చుట్టాలు. నాలుగున్నర, నాలుగు, అయిదు, అయిదు గంటల నిద్ర అనుకుంటే మొత్తం 18న్నర. రోజుకు ఏడు చొప్పున కావలసింది 28. తొమ్మిదిన్నర గంటల లోటు. ఒక రాత్రంతా, ఆపైన మరో రెండున్నర గంటలు అసలు పడుకోనట్టు. కనుమ మర్నాటి సాయంత్రం చిన్న మాటకే కళ్లనీళ్లు తిరిగితే మనసు బలహీనమని కాదు, ఒళ్లు అప్పు అడుగుతోందని.

అరిసెలు కొనుక్కుంటే పోలేదా అనేది సహజమైన ప్రశ్న. చాలా ఇళ్లు ఇప్పుడు ఆ పనే చేస్తున్నాయి, లేదా కిలోకు ఇంతని వంటామెను పిలిపిస్తున్నాయి. కోడలికి అది ఊరట. కానీ పాకం చూసే నేర్పు అత్తగారిది. ఏడాదిలో ఆమె మాట చెల్లే రోజు అదొక్కటే కావచ్చు. పని తీసేయబోయి ఆమె విలువ తీసేస్తే ఒకరి ఒత్తిడి తగ్గి మరొకరి దిగులు మొదలవుతుంది. పిండి, తట్టడం, కాల్చడం బయటికిచ్చి పాకం ఒక్కటి ఆమెకు వదిలిన ఇళ్లు తెలివైనవని నా లెక్క.

పెద్దల పండగ నాడు లేనివాళ్లు

మన వైపు సంక్రాంతి పేరే పెద్దల పండగ. పోయినవారికి బట్టలు పెట్టి, వాళ్లకిష్టమైనవి వండి, తర్పణాలు వదులుతారు. నెల్లూరులో పెన్న ఒడ్డున బోడిగాడితోట శ్మశానానికి జనం పూలు, పళ్లెం పట్టుకుని వెళ్లి సమాధులు కడిగి, దీపం పెట్టి వస్తారు. దుఃఖాన్ని పండగలో ఒక భాగంగా చేసుకున్న ఏర్పాటు ఇది. పక్కవాళ్లంతా అదే పని మీద వచ్చి ఉండగా ఏడవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇబ్బంది మొదటి ఏడాదిలో. చావు జరిగిన ఇంట్లో ఏడాది పండగ చేయరు. ముగ్గు వేయరు, పిండివంట చేయరు, ఇరుగుపొరుగు తెచ్చి పెడతారు. దీన్ని రెండు రకాలుగా చూస్తారు. ఏడ్చే ఇంటికి నవ్వు నటించే బాధ తప్పించిన మంచి ఆచారం అనేది ఒక చూపు. ఊరంతా వెలుగుతుంటే ఆ ఒక్క గుమ్మం చీకట్లో ఉండటం మనిషిని ఇంకా ఒంటరిని చేస్తుంది, ముఖ్యంగా భర్త పోయిన ఆడమనిషిని ఏ శుభానికీ పిలవకపోవడంతో కలిస్తే, అనేది ఇంకో చూపు. రెండూ నిజమే. తేడా తెచ్చేది పొరుగువారి రాకపోకలు. అరిసెలు గుమ్మంలో పెట్టి పోయే ఇంటికీ, లోపలికొచ్చి పోయిన మనిషి గురించి పది నిమిషాలు మాట్లాడి పోయే ఇంటికీ చాలా దూరం ఉంది.

సీసా దగ్గర మొదలయ్యేవి

1992లో సారా వ్యతిరేక ఉద్యమం పుట్టింది నెల్లూరు జిల్లా దూబగుంటలో. తాగుడు ఇంటిని ఏం చేస్తుందో ఈ ప్రాంతపు ఆడవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పండగ రోజుల్లో ‘ఏడాదికోసారి’ అనే సడలింపుతో పేకాట, మందు కలిసి వస్తాయి. మద్యం మొదట తేలిక చేసినట్టే చేస్తుంది, కానీ అది మెదడును మందగింపజేసే పదార్థం. నిద్ర త్వరగా పట్టించి, తెల్లవారుజామున చెడగొడుతుంది. దిగులుగా ఉన్నవారు తాగితే మర్నాటికి దిగులు పెరుగుతుంది, దాన్ని తగ్గించుకోవడానికి మళ్లీ సీసా. పైన వేసిన 30,000 లెక్కలో ఈ పద్దు లేదు. ఏ ఇంట్లోనూ దీన్ని కాగితం మీద రాయరు.

పండగే మందు, పండగే బరువు

మనసు బాగాలేనివాళ్లను పండగలోకి లాక్కురావాలి, నలుగురిలో పడితే అదే పోతుంది అంటారు కొందరు. తేలికపాటి దిగులుకు ఈ మాట పనిచేస్తుంది. కుంగినవారికి చిన్న చిన్న పనులు, మనుషుల సాంగత్యం తిరిగి అలవాటు చేయడం మానసిక చికిత్సలోనూ ఒక పద్ధతే. కానీ అక్కడ మెట్టు చిన్నది: ఇవాళ వాకిలి దాకా, రేపు వీధి చివరి దాకా. ఇరవై మంది చుట్టాల మధ్య కూచోబెట్టి ‘నవ్వు మా’ అనడం చిన్న మెట్టు కాదు.

పండగలు తగ్గించుకుంటేనే మేలు అనేవారి వాదనలో కూడా బలముంది, డబ్బు, చాకిరీ లెక్కలు చూశాం. వాళ్లు మరచేది, పని పోయినప్పుడు దానితో వచ్చే మనుషులు కూడా పోతారని. గొబ్బెమ్మలను పెన్నలో వదిలే ఏటి పండగ నాడు ఇసుక తిన్నె మీద కూచున్న ఆడవాళ్లకు ఆ సాయంత్రం ఎంత అవసరమో వాళ్లనే అడగాలి.

దిష్టి, గాలి అనే మూడో మాట ఉంది. ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేస్తే నష్టం లేదు, ‘నిన్ను పట్టించుకుంటున్నాం’ అన్న కబురు ఆ మనిషికి అందుతుంది. నష్టం, దానితో ఆగిపోయి నెలలు గడిపినప్పుడు.

ఒళ్లు చెప్పే మాట

మన దగ్గర ‘నాకు మనసు బాగాలేదు’ అని డాక్టరు దగ్గరకు వెళ్లేవారు అరుదు. తలనొప్పి, కాళ్లు లాగడం, గుండెలో మంట, నీరసం అంటారు. కుంగుబాటు ఒంటి నొప్పులుగా బయటపడటం వైద్యులకు తెలిసినదే. దీనికి అవతలి వైపు కూడా ఉంది. నీరసం, నిరాసక్తి కనిపించినంతలో అది మనసుదే అనుకోనక్కర్లేదు. గర్భిణులు కాని ఆడవారికి హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువైతే రక్తహీనత. థైరాయిడ్ మందగించినా, బి12 తగ్గినా, సుగర్ అదుపు తప్పినా ఇవే లక్షణాలు. పండగ వారంలో మాత్రల వేళ తప్పి, మిఠాయిలు పెరిగి సుగర్ ఎగబాకడం మామూలే. కనిగిరి వైపు కీళ్ల నొప్పులకు నీళ్లలోని ఫ్లోరైడ్‌నూ అనుమానించాలి. అందుకే మంచి డాక్టరు ముందు రక్తపరీక్షలు రాస్తాడు. ‘మనసు జబ్బంటే రక్తం తీస్తాడేంది’ అని విసుక్కునే పని లేదు.

రెండు వారాల గీత పండగలో ఎందుకు మోసం చేస్తుంది?

కుంగుబాటును పట్టడానికి పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రం వాడతారు. గత రెండు వారాల్లో ఆసక్తి, మనసు, నిద్ర, ఓపిక, ఆకలి, తన మీద తనకు చులకన, ఏకాగ్రత, కదలికల్లో మందగింపు లేదా స్థిమితం లేకపోవడం, చావు ఆలోచనలు ఎలా ఉన్నాయని అడుగుతుంది. ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు. మొత్తం 27. అయిదు నుంచి తేలికపాటి, 10 నుంచి మధ్యస్థం, 15 నుంచి కాస్త తీవ్రం, 20 నుంచి తీవ్రం.

కనుమ మర్నాడు ఒకామె దీన్ని నింపిందనుకోండి. నిద్ర 3, ఓపిక 3, ఆకలి 1, ఏకాగ్రత 1, ఆసక్తి 1. మొత్తం 9. కంగారు పడే అంకె. కానీ అందులో ఆరు మార్కులు నిద్ర లోటువే. రెండు వారాలు పడుకుని లేచాక అదే పత్రంలో 2 వస్తుంది. ఇంకొకామెకు నిద్ర 2, ఓపిక 2, ఆసక్తి 3, మనసు 2, చులకన 3. మొత్తం 12. నెలాఖరుకు నిద్ర కుదురుకున్నా ఆసక్తి, చులకన అలాగే ఉండి 10 దగ్గర నిలిచింది. మొదటామెది అలసట, రెండో ఆమెను డాక్టరు చూడాలి. అంటే మొత్తం అంకె కంటే, ఏ ప్రశ్నల్లో వచ్చింది, రెండోసారి తగ్గిందా అన్నది ముఖ్యం. ఈ పత్రం వడపోత మాత్రమే, జబ్బు తేల్చేది వైద్యులే.

తొమ్మిదో ప్రశ్నకు ఈ వెసులుబాటు లేదు. చావు ఆలోచన ఉందని జవాబు వస్తే మొత్తం ఎంతైనా ఆరోజే మాట్లాడాలి. ‘అడిగితే లేనిపోని ఆలోచన పెట్టినట్టు కాదా’ అనే భయం చాలామందికి ఉంది. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు, చాలాసార్లు చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. సేద్యం ఇళ్లలో ఇంకో జాగ్రత్త, పురుగుమందులు ఇంట్లో కాకుండా తాళం వేసిన చోట, తాళంచెవి వేరేవారి దగ్గర ఉండటం. ఆ క్షణం దాటిపోతే ప్రాణం నిలబడుతుందన్నది దీని వెనక ఉన్న అనుభవం. కేసవుతుందనే భయంతో దాచేవారికి తెలియవలసింది: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించి, శిక్ష బదులు సంరక్షణ అందాలంటుంది.

మాట్లాడటానికి ఊరు దాటి వెళ్లనక్కర్లేదు. 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన టెలీమానస్ నంబరు 14416. ఉచితం, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి.

మాత్రలు అలవాటైపోతాయన్న భయంలో సగం నిజం. నిద్రమాత్రల్లో చాలావాటికి మనిషి అలవాటు పడతాడు, మెడికల్ షాపులో అడిగి కొనుక్కుంటే వచ్చే చిక్కు అదే. కుంగుబాటుకు ఇచ్చే మందులు ఆ కోవలోవి కావు. కానీ వాటి గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. వారం వాడి ‘పని చేయలా’ అని మానేయడం, నెమ్మదించగానే ఒక్కసారి ఆపేయడం, ఈ రెండే ఎక్కువగా జరిగే పొరపాట్లు. నెమ్మదించాక కూడా సాధారణంగా ఆరు నెలలైనా కొనసాగించి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

ఇల్లు ఖాళీ అయ్యాక

పండగ ముందు దిగులు గురించి అందరూ మాట్లాడతారు. పండగ తర్వాతిది పెద్దవాళ్లది, అందుకే ఎవరికీ కనిపించదు. హైదరాబాదు, బెంగళూరు బస్సులు కదిలిన మర్నాడు, అయిదుగురికి సరిపడా వండే గిన్నె అటక ఎక్కుతుంది. వారం పాటు తెల్లారి మూడింటికి లేచిన ఒంటికి ఇప్పుడు లేవడానికి కారణం లేదు. రెండు మూడు రోజులు ఈ బోసితనం ఎవరికైనా ఉంటుంది. పిల్లలు ఊరికి చేరి ఒక్కసారి ‘చేరినాం మా’ అని ఫోను చేసి ఊరుకునే ఇంట్లో అది సాగుతుంది. రోజూ ఒకే వేళకు, అయిదు నిమిషాలైనా మాట్లాడే ఇంట్లో ఆ వేళ చుట్టూ రోజు మళ్లీ అల్లుకుంటుంది.

పిల్లలు జనవరి 18న బయల్దేరారనుకుంటే రెండు వారాలు ఫిబ్రవరి 1కి నిండుతాయి. ఆ రోజు ఫోన్లో ‘బాగుండావా మా’ అని అడిగితే ఏ అమ్మయినా ‘బాగుండా’ననే అంటుంది. అరిసెలు ఇంకెన్ని మిగిలాయి, ఎవరికి పంచావు, పక్కింటి వాళ్లు వచ్చారా అని అడిగితే వేరే జవాబు రావచ్చు: డబ్బా మూత తీయనే లేదని.